ఫోన్‌లోకి ఆదెమ్మ గొంతు

చర్లలో బస్టాండు దాటి అడవి వైపు పోయే రోడ్డు పక్కన ఒక చిన్న ఆసుపత్రి ఉంది. ఒక ట్రస్టు వాళ్లు నడుపుతారు. అక్కడ లాబ్ టెక్నీషియన్‌గా కోటేష్‌కు ఉద్యోగం వచ్చేనాటికి అతని భార్య హేమలత హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తోంది. ఇంటి దగ్గర కూర్చుని పని చేసుకోవడానికి కంపెనీ ఒప్పుకోవడంతో ఆమె కూడా సామాను సర్దుకుని భర్త వెంట వచ్చేసింది. తీరా వచ్చాక తెలిసింది, చర్లలో కరెంటు ఉన్నప్పుడు నెట్ ఉండదని, నెట్ వచ్చేసరికి కరెంటు పోతుందని. మీటింగు మధ్యలో ఆమె మాట తెగిపోవడం, అవతలివాళ్లు విసుక్కోవడం మామూలైపోయింది. ఆ వానాకాలం గడిచేలోపే కంపెనీ ఆమెకు మర్యాదగా సెలవు చెప్పింది.

హేమలతకు ఊరికే కూర్చోవడం రాదు. ఆమె పుట్టింది కుసుమంచి దగ్గర ఒక తండాలో. తండ్రి రాందాస్ మిరప, పత్తి వేసేవాడు. తల్లి బాలి తమ చేను పని అయ్యాక పక్క చేలకు కూలికి పోయేది. ఇద్దరూ కలిసి కూతురిని ఖమ్మంలో ఇంజనీరింగు దాకా చదివించారు. ఆ ఇంట్లో పగటిపూట ఖాళీగా ఉన్న మనిషిని ఎవరూ ఎరగరు. కాబట్టి ఉద్యోగం పోయాక హేమలత మధ్యాహ్నం కోటేష్‌కు టిఫిన్ డబ్బా తీసుకుపోయే వంకతో ఆసుపత్రిలోనే తచ్చాడడం మొదలుపెట్టింది. పాడైన ప్రింటర్ బాగుచేసింది. మందుల గది కంప్యూటర్‌కు పట్టిన వైరస్ వదిలించింది. అలా తిరుగుతూనే ఓపీ గదిలో టేబుల్ మీద ఉన్న పాత డెస్క్‌టాప్‌లో ఒక వింత ప్రోగ్రామ్‌ను చూసింది.

దాని పేరు ‘మాట’. నర్సులు తెర మీద తెలుగులో ఉన్న ప్రశ్న మీద నొక్కుతారు. కంప్యూటర్ దానికి తగ్గ బొమ్మ చూపిస్తూ ఆ ప్రశ్నను కోయ భాషలో పైకి అడుగుతుంది. ఎదురుగా కూర్చున్న రోగి తల ఊపుతాడు, లేదంటే నొప్పి ఉన్నచోట వేలు పెట్టి చూపిస్తాడు. జవాబును బట్టి తర్వాత ఏం అడగాలో ప్రోగ్రామే ముందుకు తెస్తుంది. ప్రశ్నలన్నీ మాటలతో పని లేకుండా, సైగతో జవాబు చెప్పగలిగేలా అల్లారు. ఆ గొంతు ఆదెమ్మది. వార్డులో ఆయాగా ఏళ్ల తరబడి పనిచేస్తున్న కోయ మనిషి ఆమె. ప్రోగ్రామ్ రాసింది మురళీకృష్ణ అనే లెక్చరర్. ఖమ్మంలో కంప్యూటర్లు చెప్పే రోజుల్లో సెలవులకు ఈ ఆసుపత్రికి వచ్చి, ఆదెమ్మనూ డాక్టర్లనూ కూర్చోబెట్టుకుని దాన్ని తయారుచేశాడట.

హేమలత ఆ పూట డబ్బా సంగతి మరిచిపోయి, ఓపీ గదిలో ఒక మూల నిలబడి చూస్తూ ఉండిపోయింది. చిన్నప్పుడు ఆమె బడిలో చేరిన కొత్తలో టీచరమ్మ తెలుగులో అడిగే మాట ఒక్కటీ తెలిసేది కాదు. ఇంట్లో మాట్లాడేది లంబాడీ. నోరు విప్పని ఆ పిల్లను మూగది అనుకుని టీచరమ్మ రాందాస్‌ను పిలిపించి, బిడ్డను దవాఖానాలో చూపించమని చెప్పింది. ఇంట్లో వాళ్లు చాన్నాళ్లు చెప్పుకుని నవ్వుకున్నారు. హేమలత కూడా నవ్వేది. కానీ జవాబు తన దగ్గరే ఉండి, ప్రశ్న అర్థంకాక దాన్ని ఇవ్వలేకపోవడం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. ఆ టేబుల్ ముందు ఒక కోయ ముసలాయన ఆదెమ్మ గొంతు వినగానే చటుక్కున మోకాలు చూపించి, ముఖం విప్పార్చుకోవడం ఆమె కళ్లారా చూసింది.

తను చూసిన ఈ సంగతే ఆసుపత్రి తరఫున ఊళ్లు తిరిగే నర్సు జ్యోత్స్నతో అన్నది. జ్యోత్స్నది ఖమ్మం టౌను. ఆమెకు కోయ రాదు. ఆ ప్రోగ్రామ్ గురించి మంచిగా రెండు మాటలు చెప్తుందనుకుంటే ఆమె ముఖం తిప్పేసుకుంది.

“టేబుల్ మీద ఉంటే ఏం లాభం అక్కా” అన్నది. “వచ్చేటోళ్లు ఎట్లాగూ వస్తరు. రాలేనోళ్ల దగ్గరికి నేను పోతున్న. ఆడ నా చేతుల ఏమున్నది?”

తర్వాత మెల్లగా అసలు సంగతి చెప్పింది. పోయిన వానల్లో వాగు అవతలి గూడేనికి పోయినప్పుడు ఒక గర్భిణి ఆమె చెయ్యి పట్టుకుని పదేపదే ఏదో చెప్పింది. తల పట్టుకుంది, కళ్లు నులుముకుంది. చేను పని చేసి అలసిపోయిందనుకుని, బాగా నీళ్లు తాగమని సైగ చేసి, మాత్రలు ఇచ్చి జ్యోత్స్న వెనక్కి వచ్చింది. బీపీ చూసే మిషన్ ఆ రోజు పనిచేయలేదు. ఆ వారంలోనే ఆమెకు ఫిట్స్ వచ్చాయి. మంచం మీద మోసుకుని తెచ్చేసరికి కడుపులో బిడ్డ పోయింది. తల్లి మాత్రం బతికింది.

“తల నొస్తుంది, కండ్లు మసకబడుతున్నయని చెప్పింది అక్కా ఆమె. సక్కగ చెప్పింది. నాకే తెల్వలే.”

హేమలత ఆ మర్నాడే మురళీకృష్ణ నంబరు సంపాదించింది. ఆయన ఉద్యోగం వదిలేసి సత్తుపల్లి దగ్గర సొంత ఊళ్లో పామాయిల్ తోట చూసుకుంటున్నాడు. ఫోన్లో చెప్తే తేలే వ్యవహారం కాదని భద్రాచలం మీదుగా బస్సులు మారి ఆయన ఇంటికే పోయింది. ఆయన తోటలోంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, ఆమె చెప్పిందంతా శ్రద్ధగా విన్నాడు. పాత లాప్‌టాప్ తీసి, కోడ్ మొత్తం పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాడు. ఇస్తూ ఒక సలహా కూడా చెప్పాడు.

“అది ఫోన్లోకి రాదమ్మా. అప్పట్లో ఎలా వీలైతే అలా రాసేశాను. ఏ ముక్క ఎక్కడ అతికించానో నాకే గుర్తులేదు. ఆ చెత్తంతా పక్కన పెట్టి నువ్వు కొత్తగా రాసుకో, సుఖపడతావు.”

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని హేమలత లాప్‌టాప్ తెరిచింది. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. కోడ్ చిక్కుపడిన నూలులా ఉంది. కానీ చదువుతూ పోయినకొద్దీ ఆమె వేగం తగ్గింది. కోడ్ మధ్యమధ్యలో ఆయన తనకోసం రాసుకున్న వాక్యాలు కనిపించాయి. కడుపు సంగతి అడిగితే ఆకలి అనుకుంటున్నారు కాబట్టి ముందు చెయ్యి పెట్టి చూపించమనాలని ఆదెమ్మ చెప్పినట్టు ఒకచోట ఉంది. నెలసరి గురించి మగ నర్సు ముందు అడగొద్దని ఇంకోచోట ఉంది. ఏ ప్రశ్న తర్వాత ఏది రావాలన్న వరసలో ఎందరి అనుభవమో ఇమిడి ఉంది. కొత్తగా రాస్తే ప్రోగ్రామ్ అందంగానే తయారవుతుంది. కానీ ఇవన్నీ మళ్లీ ఎవరో ఒక రోగి దగ్గర తప్పు చేసి నేర్చుకోవాలి. భద్రాచలం వంతెన దాటేలోపు ఆమె తేల్చుకుంది. కొత్తగా రాయదు. ఉన్నదాన్నే ఫోన్లోకి తీసుకొస్తుంది.

ఆ పని ఎలాంటిదో కోటేష్‌కు అన్నం దగ్గర ఇలా చెప్పింది. మురళీకృష్ణ రాసింది సి ప్లస్ ప్లస్ అనే భాషలో. ఆ భాషతోపాటే స్టాండర్డ్ లైబ్రరీ అని సిద్ధంగా ఉన్న సరుకు ఒకటి వస్తుంది. అక్షరాలు దాచుకోవడం, వరసలు పెట్టుకోవడం, ఫైలు తెరిచి చదవడం లాంటి పనులకు అందులో అన్నీ ఉంటాయి. డెస్క్‌టాప్ అయినా ఫోన్ అయినా అవి ఒకే తీరుగా నడుస్తాయి. ఆయన ఆ సరుకు కొంత వాడి, మిగతాదంతా ఆ డెస్క్‌టాప్‌కు మాత్రమే తెలిసిన పనిముట్లతో కానిచ్చేశాడు. వాటిని ఒక్కొక్కటే ఊడదీసి, వాటి చోట అందరికీ తెలిసిన సరుకు పెట్టుకుంటూ పోవాలి. బొమ్మలు చూపించడం, గొంతు వినిపించడం మాత్రం ఆ లైబ్రరీతో కావు. ఆ రెండింటినీ విడదీసి బయటికి తెచ్చి, ఫోన్ కోసం వేరుగా రాయాలి.

“అయితే లోపలి మెదడు ఒక్కటే, కండ్లూ నోరే వేరే అన్నట్టు” అన్నాడు కోటేష్.

అవ్, అంతే అన్నది హేమలత.

అంతే అనడం తేలిక. మొదటిసారి ఫోన్ కోసం కోడ్‌ను తయారుచేయబోతే తెర నిండా ఎర్ర అక్షరాలతో తప్పులు వచ్చి పడ్డాయి. ఒక తప్పు సవరిస్తే దాని చాటునున్నవి బయటికొచ్చేవి. ప్రశ్నలన్నీ పాతకాలపు తెలుగు ఫాంటులో ఉండడంతో ఫోన్లో అవి అర్థంలేని గుర్తులుగా కనిపించాయి. వాటిని మార్చడానికే వేరే చిన్న ప్రోగ్రామ్ రాసుకోవలసి వచ్చింది. రోజూ సాయంత్రం ఓపీ అయిపోయాక, తను మార్చిన లోపలి భాగాన్ని ఆసుపత్రి డెస్క్‌టాప్‌లో పెట్టి నడిపి, పాత ప్రోగ్రామ్ అడిగినట్టే అడుగుతోందా లేదా చూసుకునేది. కొత్తదాని కోసం పోయి, నడుస్తున్న పాతదాన్ని చెడగొట్టకూడదని ఆమె పట్టుదల. రోజూ అంత శ్రమ వద్దని డాక్టర్లు అన్నా వినేది కాదు.

ప్రశ్నలు ఫోన్ తెర మీదికి వచ్చిన రోజున గొంతు రాలేదు. నొక్కితే నిశ్శబ్దం. పొద్దంతా వెతికాక తేలిందేమంటే, ఆ డెస్క్‌టాప్ గొంతుల ఫైళ్లున్న ఫోల్డర్ల పేర్లలో ఇంగ్లిషు పెద్ద అక్షరం ఉన్నా చిన్న అక్షరం ఉన్నా పట్టించుకోదు. ఫోన్ పట్టించుకుంటుంది. మురళీకృష్ణ తోచినట్టు పేర్లు పెట్టాడు. వాటన్నిటినీ ఒక తీరుకు తెచ్చి మళ్లీ నొక్కితే ఆదెమ్మ గొంతు గట్టిగా, స్పష్టంగా పలికింది. హేమలతకు అందులో ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా సంతోషం పట్టలేక వంటింట్లో ఉన్న కోటేష్‌ను పిలిచి మళ్లీ మళ్లీ వినిపించింది.

మరునాడు పొద్దున్నే హేమలత జ్యోత్స్న ఫోన్లో దాన్ని ఎక్కించింది. ఆమెది పాత ఫోన్, తెర ఒక మూల పగిలి ఉంటుంది. జ్యోత్స్న అప్పటికే స్కూటీ మీద బ్యాగు కట్టుకుని గూడేలకు బయలుదేరబోతోంది. వార్డు గుమ్మంలో నిలబడి ముచ్చటగా రెండు ప్రశ్నలు నొక్కి చూసింది. లోపల దుప్పట్లు మడతపెడుతున్న ఆదెమ్మ తన గొంతు తనకే వినిపించి బయటికొచ్చింది. అందరూ ఆమె నవ్వుతుందనుకున్నారు. ఆమె ఫోన్ చేతిలోకి తీసుకుని, బొమ్మ వైపు చూసి, మళ్లీ నొక్కమంది. ఇంకొకటి నొక్కమంది.

“బిడ్డా” అన్నది హేమలతతో. “ఈడ తలకాయ బొమ్మ చూపెడుతున్నవు. నేనేమో చేపలు తిన్నవా అని అడుగుతున్న.”

హేమలత తన ఫోన్ తీసి నొక్కింది. అందులో సరిగ్గానే ఉంది. తల బొమ్మకు తల ప్రశ్నే వచ్చింది. జ్యోత్స్న ఫోన్లో మాత్రం ప్రశ్నలు ఒకదాని మాట ఇంకొకటి పలుకుతున్నాయి. ఇటు నర్సుకు భాష రాదు, అటు గూడెంలో తెలుగు రాదు. చూపు మసకబడిందా అని తను అడిగాననుకుని జ్యోత్స్న చూస్తుంది. చేపలు తినలేదని అవతలి మనిషి తల అడ్డంగా ఊపుతుంది. బాగానే ఉందనుకుని జ్యోత్స్న వెనక్కి వస్తుంది. ఇదంతా ఒక్కసారిగా హేమలత కళ్లముందు కనిపించింది. ఆదెమ్మ చేతిలోంచి ఫోన్ తీసుకుని ప్రోగ్రామ్ మూసేసింది.

“ఇయ్యాల దీన్ని తెరవకు జ్యోత్స్నా. నేను చెప్పేదాక తెరవకు” అన్నది.

కారణం ఆ మధ్యాహ్నానికే దొరికింది. మురళీకృష్ణ కోడ్ గొంతుల ఫైళ్లున్న ఒక్కో ఫోల్డరునూ తెరిచి, మొదట వచ్చిన ఫైలును మొదటి ప్రశ్నకు, రెండోదాన్ని రెండో ప్రశ్నకు జతచేస్తూ పోయేది. డెస్క్‌టాప్ తన అలవాటు ప్రకారం ఫైళ్లను అక్షర వరసలో ఇచ్చేది కాబట్టి ఇన్నేళ్లూ జత కుదిరింది. ఫోన్లకు ఆ అలవాటు లేదు, ఒక్కోటి తన ఇష్టమొచ్చిన వరసలో ఇస్తుంది. హేమలత పాత పనిముట్టు తీసేసి స్టాండర్డ్ లైబ్రరీలోది పెట్టింది. ఫైళ్లు ఫలానా వరసలోనే వస్తాయన్న హామీ లేదని ఆ లైబ్రరీ వివరాల్లో తేటగా రాసే ఉంది. ఆమె చదివింది కూడా. తన ఫోన్లో కుదిరింది కదా అని దాటిపోయింది.

ఫోన్ చేసి మురళీకృష్ణకు చెప్పింది. “అయితే ఇన్నాళ్లూ అది సరిగ్గా పనిచేసింది మన అదృష్టమేనమ్మా” అన్నాడు ఆయన. తర్వాత ఆ సాయంత్రమంతా ఫోన్ మీదే ఉండి, వరస మీద ఆధారపడ్డ చోట్లు ఇంకెక్కడెక్కడ ఉన్నాయో గుర్తుతెచ్చుకుని చెప్పాడు. హేమలత ప్రతి ప్రశ్ననూ దాని గొంతుతో పేరు పెట్టి కట్టేసింది. పేరు కలవకపోతే ప్రోగ్రామ్ అసలు నోరు తెరవకుండా చేసింది. నర్సుకు ఎర్ర గుర్తు కనిపిస్తుంది, మాట మాత్రం రాదు. తప్పు ప్రశ్న అడగడం కంటే అడగకపోవడమే నయమని ఆమెకు అనిపించింది.

అంతటితో ఊరుకోలేదు. తనకు భాష రాదు కాబట్టి తను సరిచూశానన్న మాటకు విలువ లేదని గ్రహించింది. ఆదెమ్మను బతిమాలింది. ఆదెమ్మ వార్డు పని ముగించుకుని వరండాలో కాళ్లు చాపుకుని కూర్చునేది. ఆసుపత్రిలో ఎవరెవరి దగ్గర ఏ ఫోనుంటే అది తెచ్చి హేమలత ఆమె ముందు పెట్టేది. ఒక్కో ఫోన్లో ప్రతి ప్రశ్ననూ ఆదెమ్మ విని, బొమ్మ చూసి, సరే అంటేనే అది సరే అయినట్టు. వింటూ వింటూ ఆమె తన పాత మాటలకే వంకలు పెట్టడం మొదలుపెట్టింది. ఇది దుమ్ముగూడెం వైపు మాట, వాగు అవతల ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చినోళ్లు ఇట్ల అనరు అంటూ, అలాంటివన్నీ మళ్లీ పలికింది. గొంతు ఎత్తితే కోప్పడినట్టు ఉందని ఒకటి మళ్లీ మళ్లీ చెప్పింది. హేమలత విసుక్కోకుండా అన్నీ రికార్డు చేసుకుంది.

చలికాలం మొదట్లో జ్యోత్స్న వెంట హేమలత కూడా గూడేనికి పోయింది. వాగు దగ్గర స్కూటీ ఆపి, చెప్పులు చేత పట్టుకుని దాటి, పోడు చేల గట్ల మీద నడిచారు. ఫోన్లో సిగ్నల్ గీతలు వాగు దగ్గరే పోయాయి. దానితో పని లేదు. మాటలన్నీ ఫోన్ లోపలే ఉన్నాయి.

ఆ గూడెంలో జంపక్క అనే గర్భిణి ఉంది, నెలలు నిండుతున్నాయి. గుడిసె ముందు ఇప్ప చెట్టు నీడన కూర్చోబెట్టి జ్యోత్స్న ప్రోగ్రామ్ తెరిచింది. గొంతు పలకగానే జంపక్క ఫోన్ వైపు చూడలేదు, వెనక్కి తిరిగి దారి వైపు చూసింది. మాట్లాడిన మనిషి ఇంకా వెనకాలే వస్తోందనుకుంది. ఫోన్లోంచి అని తెలిశాక నవ్వింది. మొదటి ప్రశ్నలకు సిగ్గుపడుతూ తల ఊపింది. కాళ్లు చూపించింది, ఉబ్బి ఉన్నాయి. తలనొప్పి సంగతి అడిగేసరికి నవ్వు ఆగిపోయింది. రెండు చేతులూ కణతలకు ఆనించుకుంది. చూపు గురించి అడిగితే కళ్లముందు చెయ్యి అటూ ఇటూ ఆడించి గబగబా చెప్పుకుపోయింది. చెప్పింది వాళ్లకు అర్థం కాలేదు. కానీ ఏ ప్రశ్నకు చెప్తోందో తెలుసు. అది చాలింది.

జ్యోత్స్న బీపీ కట్టింది. అంకె బాగా ఎక్కువగా ఉంది, హేమలతకు చూపించింది. ఆ తర్వాత ప్రోగ్రామ్ చివరలో ఉన్న మాట నొక్కింది. దవాఖానాకు ఇప్పుడే పోవాలి, మేం తోడు వస్తాం అని ఆదెమ్మ మెత్తగా చెప్పింది. ఎప్పుడూ ఆసుపత్రి అంటే వెనక్కి తగ్గే ఆ ఇంటివాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. జంపక్క అత్త ఆ మాటను ఇంకోసారి వినిపించమని వేలు చూపింది. విని, లోపలికి పోయి చీర మార్చుకుని వచ్చింది. మగవాళ్లు మంచం ఎత్తారు. వాగు దాటాక ఒకరి ట్రాక్టరు, చర్ల నుంచి అంబులెన్సులో భద్రాచలం పెద్దాసుపత్రి. దారిలో జంపక్కకు ఫిట్స్ రాలేదు. ఆ రాత్రి గడిచి తెల్లారాక ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. బక్కగా ఉన్నా గట్టిగా ఏడ్చింది.

జంపక్క వెంట భద్రాచలం దాకా పోయిన జ్యోత్స్న ఆ కబురు చెప్పడానికి చర్లలో ఉన్న హేమలతకు ఫోన్ చేసింది. సంగతి చెప్పి, తర్వాత ఏడుస్తూ ఉండిపోయింది. హేమలత ఫోన్ పెట్టేయకుండా పట్టుకునే కూర్చుంది.

ఇప్పుడు చుట్టుపక్కల మండలాల్లో ఊళ్లు తిరిగే నర్సులు చాలామంది ‘మాట’ వాడుతున్నారు. ట్రస్టు హేమలతకు ఉద్యోగం ఇచ్చింది. మురళీకృష్ణ తోట పని తగ్గినప్పుడల్లా చర్ల వచ్చి, తను రాసిన కోడ్‌ను తనే గుర్తుపట్టలేకపోతున్నానని మురిసిపోతూ ఆమె పక్కన కూర్చుని పని చేస్తాడు. హైదరాబాదు నుంచి వేరే కంపెనీ ఒకటి పిలిస్తే హేమలత ఆలోచించి, వద్దని చెప్పింది. అలా ఎందుకు చేశావని కోటేష్ అడగనే లేదు.

మొన్న చర్ల సంతలో హేమలత, ఆదెమ్మ కలిసి చింతపండు కొంటున్నారు. ఆదెమ్మ బేరమాడుతుంటే పక్కన ఎండుమిర్చి రాశి దగ్గర వంగి ఉన్న ఒక నడివయసు ఆమె తలెత్తి చూసింది. ఆదెమ్మ ఎన్నడూ ఎరగని మనిషి, ఎక్కడో లోపలి గూడెం నుంచి వచ్చింది. దగ్గరికి వచ్చి ఆదెమ్మ నోటి వైపే చూస్తూ ఏదో అడిగింది. ఆదెమ్మ తికమకపడి, తర్వాత పకపకా నవ్వి, హేమలత వైపు తిరిగింది.

“ఫోన్ల అడిగేది నువ్వేనా అంటున్నది బిడ్డా. అప్పుడు నడుము నొస్తుందని చెప్పిందంట, ఇప్పుడు తగ్గింది అని చెప్తున్నది.”

చెప్పేసి మళ్లీ ఆమె వైపు తిరిగింది. ఇద్దరూ చింతపండు గంప పక్కనే గొంతుక్కూర్చుని మాటల్లో పడ్డారు. హేమలత సంచీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటూ, ఒక్క ముక్క అర్థం కాకపోయినా, వాళ్ల ముచ్చట అయ్యేదాకా ఎండలో అలాగే నిలబడింది.